మాంట్‌బ్లాంక్ సరుకు ఓడ, హాలిఫాక్స్ ప్రమాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

1917 డిసెంబరు 6 ఉదయం కెనడాలోని హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఇరవై నిమిషాలు తిరక్కుండానే ఊరి ఉత్తర భాగం నేలమట్టమైంది. దీని గురించి రాసేవాళ్లు ఎక్కువగా పేలుడుతో మొదలుపెడతారు. ఇక్కడ ఓడతో మొదలుపెడుతున్నాం. నిజానికి ఆ గుద్దుకోవడం ఏమంత పెద్దది కాదు. మామూలు సరుకుతో వచ్చిన ఓడ అయితే, పక్కన పడ్డ చిల్లికి ఆ రేవులోనే మరమ్మతు చేయించుకుని మళ్లీ ప్రయాణం కట్టేది. ఆ ఉదయానికి ముందే, వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు తీసుకున్న నిర్ణయాలు దాన్ని అంత ఘోరంగా మార్చాయి.

మాంట్‌బ్లాంక్ ఏ దేశపు ఓడ? ఎంత పెద్దది?

ఫ్రెంచి ఓడ. కట్టింది మాత్రం ఇంగ్లండులో, మిడిల్స్‌బరో ఊళ్లోని రేల్టన్ డిక్సన్ కంపెనీ యార్డులో, 1899లో. ఆల్ప్స్ పర్వతాల్లోని ఎత్తైన శిఖరం పేరు పెట్టారు. పొడవు సుమారు 97 మీటర్లు, వెడల్పు పదమూడున్నర మీటర్లు, స్థూల టన్నేజీ (ఓడ లోపలి చోటును కొలిచే లెక్క) 3,121. పోల్చి చూసుకోవాలంటే టైటానిక్ పొడవు 269 మీటర్లు.

ఫలానా చోటికి ఫలానా తేదీకి అని టైమ్ టేబుల్ ఏమీ లేకుండా, ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి పోయే ఆవిరి ఓడ అది. చాలాకాలం దాని గురించి చెప్పుకోదగ్గ విషయమే లేదు. చేతులు మారింది, పాతబడింది. 1915 చివర్లో కంపెనీ జెనరాల్ ట్రాన్స్‌అట్లాంటిక్ అనే పెద్ద ఫ్రెంచి సంస్థ కొన్నది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది కాబట్టి ముందొక ఫిరంగి, వెనకొక ఫిరంగి బిగించారు. నీటి మీద తేలే ప్రతి పాత ఓడకీ అప్పట్లో గిరాకీ ఉంది. జర్మన్ జలాంతర్గాములు రోజూ ఓడల్ని ముంచుతున్నాయి మరి.

అందులో ఏ సరుకు ఉంది?

పేలుడు పదార్థాలు తప్ప ఇంకేమీ లేవంటే అతిశయోక్తి కాదు. ఫిరంగి గుండ్లలో నింపే పిక్రిక్ యాసిడ్, తడిదీ పొడిదీ కలిపి 2,000 టన్నులకు పైనే. టీఎన్‌టీ 200 టన్నులకు పైన. గన్‌కాటన్ అనే పేలుడు పత్తి కొంత. వీటికి తోడు డెక్ మీద పీపాల్లో బెంజాల్. ఇది పెట్రోలులా సులువుగా అంటుకునే ద్రవం.

న్యూయార్కులో లోడింగ్ జరిగేటప్పుడు జాగ్రత్తలు తీసుకోలేదని అనలేం. సరుకు గదుల గోడలకు లోపల చెక్క పలకలు కొట్టారు. ఇనుప మేకులైతే నిప్పురవ్వ వస్తుందని రాగి మేకులు వాడారు. పొగ తాగడం మీద కట్టడి పెట్టారు. ఇంత జాగ్రత్త పడి, చివర్లో బెంజాల్ పీపాల్ని తెచ్చి సరిగ్గా ఆ పేలుడు సామాను పైనే, డెక్ మీద పేర్చి తాళ్లతో కట్టారు. ఈ ఓడ చరిత్రలో నాకు అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇదే. పిక్రిక్ యాసిడ్, టీఎన్‌టీ ఒక చోట ఉండటం వేరు, వాటి నెత్తిన మండే ద్రవాన్ని పెట్టడం వేరు. పీపాలు డెక్ మీద లేకపోయి ఉంటే ఆ రోజు చిన్న నిప్పురవ్వకు అంత సులువుగా మంట దొరికేది కాదు.

ఫ్రాన్సుకు పోవాల్సిన ఓడ హాలిఫాక్స్‌కు ఎందుకు వచ్చింది?

నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి. గమ్యం బోర్డో రేవు. అట్లాంటిక్ మహాసముద్రం ఒంటరిగా దాటితే జలాంతర్గాముల నోట్లో పడ్డట్టే. అందుకని సరుకు ఓడల్ని గుంపులుగా చేర్చి, చుట్టూ యుద్ధనౌకల కాపలా పెట్టి పంపేవారు. వాటినే కాన్వాయ్‌లు అంటారు. న్యూయార్కు నుంచి బయల్దేరే కాన్వాయ్ వేగాన్ని మాంట్‌బ్లాంక్ అందుకోలేదు. నిండు బరువుతో ఏడెనిమిది నాట్లు, అంటే గంటకు 13-15 కిలోమీటర్లు, పోవడమే గగనం. హాలిఫాక్స్‌కు వెళ్తే అక్కడ నెమ్మది ఓడల కాన్వాయ్ దొరుకుతుందని పంపారు.

హాలిఫాక్స్ రేవు ఆకారం తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. సముద్రం వైపు విశాలమైన బయటి హార్బర్, లోపల బెడ్‌ఫర్డ్ బేసిన్ అనే పెద్ద మడుగు లాంటి జలాశయం. ఆ రెండింటినీ కలుపుతూ నారోస్ అనే సన్నటి దారి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి లోపలి హార్బర్‌లోకి పోయే కాలువను చూసినవాళ్లు దాన్ని కాస్త పెద్దది చేసి ఊహించుకోవచ్చు. నారోస్‌కు ఒక ఒడ్డున హాలిఫాక్స్, ఎదురొడ్డున డార్ట్‌మత్. కాన్వాయ్ ఓడలు లోపలి బేసిన్‌లో లంగరు వేసుకుని వంతు కోసం ఎదురుచూసేవి.

యుద్ధానికి ముందు ఇలాంటి ప్రమాదకరమైన సరుకుతో వచ్చే ఓడల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. జలాంతర్గాముల భయంతో ఆ నిబంధన సడలించారు. బయట ఆపితే శత్రువు ముంచేస్తాడు, లోపలికి రానిస్తే ఊరి మధ్య నుంచి పోవాలి. రెండో దారి ఎంచుకున్నారు.

ఎర్ర జెండా ఎగరేసి ఉంటే ప్రమాదం తప్పేదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. మాంట్‌బ్లాంక్ మీద పేలుడు సామాను ఉందని తెలిపే ఎర్ర జెండా లేదన్నది నిజమే. అయితే ఆనాటి రివాజు ప్రకారం ఎర్ర జెండా సరుకు ఎక్కించేటప్పుడో దించేటప్పుడో ఎగరేసేది. యుద్ధకాలంలో దాన్ని కట్టుకుని తిరగడమంటే, ‘నన్ను ముంచండి’ అని శత్రు గూఢచారికి చెప్పినట్టే.

జెండా వల్ల ఢీ ఆగేదో లేదో చెప్పలేం. ప్రాణాలు మాత్రం దక్కేవి అనిపిస్తుంది. మంట చూడటానికి ఒడ్డుకు పరిగెత్తినవాళ్లకు, కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ ఓడలో ఏముందో తెలియదు. తెలిసినవాళ్లు రేవు అధికారుల్లో కొద్దిమందే.

గుద్దిన ఓడ ఏది?

ఐమో. నార్వే ఓడ. 1889లో బెల్‌ఫాస్ట్‌లో రూనిక్ అనే పేరుతో తయారైంది. టైటానిక్ నడిపిన వైట్ స్టార్ లైన్ కంపెనీకి పశువుల్ని మోసింది. 1917 నాటికి నార్వేవాళ్ల చేతిలో ఉంది. యుద్ధంలో చితికిపోయిన బెల్జియం ప్రజలకు తిండిగింజలు చేరవేసే సహాయ సంఘం దాన్ని అద్దెకు తీసుకుంది. ఓడ పక్కల మీద ‘బెల్జియన్ రిలీఫ్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది.

ఐమో ఖాళీగా ఉంది, న్యూయార్కుకు వెళ్లి గింజలు ఎక్కించుకోవాలి. పొడవు సుమారు 131 మీటర్లు, మాంట్‌బ్లాంక్ కంటే బాగా పెద్దది. డిసెంబరు 5న బయల్దేరడానికి అనుమతి వచ్చింది. బొగ్గు మాత్రం సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. ఈలోగా జలాంతర్గాములు రాకుండా రేవు ముఖద్వారంలో అడ్డంగా కట్టే ఉక్కు వలలు మూసేశారు. రాత్రంతా బేసిన్‌లోనే ఉండిపోవాల్సి వచ్చింది. అదే సాయంత్రం బయటి నుంచి వచ్చిన మాంట్‌బ్లాంక్ కూడా వలలు మూసేయడంతో బయటే ఆగిపోయింది. లోపలివాడికి బయటికి పోవాలని తొందర, బయటివాడికి లోపలికి రావాలని తొందర. తెల్లారింది.

ఢీ ఎలా జరిగింది?

ఈ ప్రశ్నకు కోర్టుల్లో రెండేళ్లకు పైగా వాదనలు నడిచాయి. ఓపిగ్గా చదవండి.

సన్నటి దారిలో ఎదురెదురు వచ్చే ఓడలు ఎవరి కుడివైపు వాళ్లు ఉండాలి. మన రోడ్ల మీద ఎడమవైపు నడిపినట్టు, నీటి మీద కుడివైపు. విజిల్ ఒకసారి మోగిస్తే ‘నేను కుడికి తిప్పుతున్నాను’ అని, రెండుసార్లు మోగిస్తే ‘ఎడమకు తిప్పుతున్నాను’ అని అర్థం. మూడుసార్లు మోగిస్తే ఇంజన్ వెనక్కి తిప్పుతున్నట్టు.

ఐమో కెప్టెన్ హాకన్ ఫ్రమ్, అతనికి దారి చూపే రేవు పైలట్ విలియం హేస్. ఓడ బేసిన్ నుంచి బయల్దేరింది, రేవులో అనుమతించిన ఐదు నాట్ల కంటే ఎక్కువ వేగంతో. ముందుగా క్లారా అనే అమెరికన్ ఓడ ఎదురైంది. క్లారా తన వైపు కాకుండా హాలిఫాక్స్ ఒడ్డు వైపు వస్తోంది, అంటే ఐమో ఉండాల్సిన వైపు. ఇద్దరు పైలట్లు విజిళ్లతో మాట్లాడుకుని, కుడిపక్కలు ఎదురయ్యేలా దాటుకున్నారు. దాంతో ఐమో నడుమకు జరిగింది. తర్వాత వెనకాల పడవల్ని లాక్కుంటూ వస్తున్న స్టెల్లా మారిస్ అనే టగ్‌బోటు ఎదురైంది. దాన్ని తప్పించుకోవడానికి ఐమో ఇంకా డార్ట్‌మత్ వైపు పోయింది. అంటే పూర్తిగా రాంగ్ సైడ్.

ఆ సైడ్‌లోనే, తన హక్కైన దారిలో, నెమ్మదిగా మాంట్‌బ్లాంక్ వస్తోంది. కెప్టెన్ ఎమె లె మెడెక్, పైలట్ ఫ్రాన్సిస్ మాకీ. కిలోమీటరుకు కాస్త పైన దూరంలో మాకీకి ఐమో కనబడింది. ఒక విజిల్ వేశాడు: ఇది నా దారి. ఐమో నుంచి రెండు విజిళ్లు వచ్చాయి: నేను తప్పుకోను. మాకీ మళ్లీ ఒకటి వేశాడు. మళ్లీ రెండే జవాబుగా వచ్చాయి. మాంట్‌బ్లాంక్ ఇంజన్ ఆపి, డార్ట్‌మత్ ఒడ్డుకు ఇంకా దగ్గరగా జరిగింది. ఒడ్డు మరీ దగ్గర కావడం, నేలకు తగిలితే కుదుపుకే సరుకు పేలుతుందేమోనన్న భయం ఉండడంతో అంతకు మించి పోవడానికి లేదు.

ఆఖరి క్షణంలో మాంట్‌బ్లాంక్ చుక్కాని గట్టిగా ఎడమకు తిప్పారు. ఐమో ముందు నుంచి అడ్డంగా దాటి, రెండు ఓడలూ దాదాపు పక్కపక్కకు వచ్చాయి. ఓడల మీద ఉన్నవాళ్లకు గండం గడిచిందనిపించి ఉండాలి. సరిగ్గా అప్పుడు ఐమో మూడు విజిళ్లు వేసి ఇంజన్‌ను వెనక్కి తిప్పింది. ఖాళీ ఓడ కాబట్టి నీళ్లలో తక్కువ లోతులో ఉంది, ప్రొపెల్లర్ నీటి పైభాగానికి దగ్గరగా తిరుగుతోంది. ఇంజన్ వెనక్కి తిరిగినప్పుడు ప్రొపెల్లర్ ఓడ వెనుక భాగాన్ని ఒక పక్కకు నెడుతుంది, ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది. ఐమో ముక్కు కుడికి తిరిగి, మాంట్‌బ్లాంక్ కుడిపక్కన మొదటి సరుకు గది దగ్గర గుచ్చుకుంది. టైమ్ 8.45.

గుద్దిన వెంటనే పేలలేదా?

లేదు. మధ్యలో ఇరవై నిమిషాలు ఉంది. ఐమో ముక్కు ఇనుప రేకును చీల్చుకుని సుమారు రెండున్నర మీటర్లు లోపలికి పోయింది. డెక్ మీది పీపాలు దొర్లి పగిలి, బెంజాల్ డెక్ మీద పారి సరుకు గదిలోకి కారింది. ఐమో వెనక్కి లాక్కునేటప్పుడు ఇనుము ఇనుము రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. అంతే, అంటుకుంది.

నల్లటి పొగ స్తంభంలా లేచింది, మధ్యమధ్య పీపాలు పేలి నిప్పుముద్దలు పైకెగిరాయి. చూడటానికి వింతగా ఉంది. బడికి పోతున్న పిల్లలు, ఫ్యాక్టరీలకు పోతున్న కార్మికులు ఆగిపోయారు. మండుతున్న ఓడ తనంతట తాను కొట్టుకొస్తూ హాలిఫాక్స్ ఒడ్డున, రిచ్‌మండ్ పేటలోని పియర్ 6 అనే జెట్టీ దగ్గర ఆనుకుంది. జెట్టీకీ మంట పాకింది.

ఆర్పడానికి వచ్చినవాళ్లు వచ్చారు. స్టెల్లా మారిస్ టగ్ తన వెనక పడవల్ని లంగరు వేసి వచ్చి నీళ్లు చిమ్మింది, దాని కెప్టెన్ హొరేషియో బ్రానెన్. రేవులో ఉన్న యుద్ధనౌకలు హైఫ్లయర్, నయోబీ నుంచి నావికులు చిన్న పడవల్లో వచ్చారు. ఊళ్లో నుంచి ‘పట్రీషియా’ అనే ఫైరింజన్ వచ్చింది. కెనడాలో మోటారుతో నడిచే ఫైరింజన్‌లలో అది మొదటిది. ఓడను తాడు కట్టి జెట్టీ నుంచి దూరంగా లాగే ప్రయత్నంలో ఉండగా, 9 గంటల 4 నిమిషాల 35 సెకండ్లకు పేలింది. బ్రానెన్, ఫైర్ చీఫ్ ఎడ్వర్డ్ కాండన్ చనిపోయారు. అగ్నిమాపక సిబ్బంది తొమ్మిది మందిని పోగొట్టుకుంది. పట్రీషియా డ్రైవర్ బిల్లీ వెల్స్ మాత్రం బతికాడు.

మాంట్‌బ్లాంక్ సిబ్బంది ఎవరికీ చెప్పకుండా పారిపోయారా?

పారిపోయారన్నది నిజం. ఎవరికీ చెప్పలేదన్నది పూర్తిగా నిజం కాదు. లె మెడెక్ ఓడ విడిచిపెట్టమని ఆర్డర్ వేశాడు. నలభై మంది దాకా రెండు పడవల్లో డార్ట్‌మత్ ఒడ్డుకు తెడ్లు వేశారు. దారిలో కనిపించిన పడవలవాళ్లకు ‘పేలుతుంది’ అని ఫ్రెంచిలో అరిచారు. ఆ గోలలో, ఆ భాషలో, ఎవరికీ ఏమీ తెలియలేదు. పైలట్ మాకీకి ఇంగ్లీషు వచ్చు, ఆయన కూడా అరిచానని చెప్పాడు. ఒడ్డు చేరాక అడవిలోకి పరిగెత్తారు. సిబ్బందిలో చనిపోయింది ఒక్కడే.

ఆ ఒక్క లెక్కే వాళ్ల మీద జనానికి కోపం పెంచింది. ఊరు ఊరంతా చచ్చిపోతే ఓడవాళ్లు బతకడమేమిటని. వాళ్లు ఓడను వదలకుండా ఉంటే మంట ఆర్పగలిగేవాళ్లా అంటే, ఆ సరుకు పైన ఆ మంటను ఆర్పే సామగ్రి వాళ్ల దగ్గర లేదు. ఓడకు అడుగున రంధ్రాలు తెరిచి ముంచేయాల్సిందని కొందరంటారు. ఇరవై నిమిషాల్లో 97 మీటర్ల ఓడ మునిగేది కాదు.

పేలుడు ఎంత పెద్దది?

సుమారు 2.9 కిలోటన్నుల (2,900 టన్నుల) టీఎన్‌టీకి సమానమని లెక్కగట్టారు. అణుబాంబు రాకముందు మనిషి చేతుల మీదుగా జరిగిన అతి పెద్ద పేలుళ్లలో ఇది ఒకటి. అణుబాంబు తయారీ రోజుల్లో పెద్ద పేలుళ్ల ప్రభావాన్ని అంచనా వేయడానికి హాలిఫాక్స్‌ను అధ్యయనం చేశారు కూడా.

ఓడ ముక్కలు ముక్కలై ఊరంతా పడింది. లంగరు కాడ ముక్క, 500 కిలోలకు పైన బరువున్నది, మూడున్నర కిలోమీటర్లకు పైగా ఎగిరి నార్త్‌వెస్ట్ ఆర్మ్ అనే సముద్రపు పాయ దగ్గర పడింది. ముందు ఫిరంగి గొట్టం వంకర తిరిగి, ఎదురొడ్డున డార్ట్‌మత్‌లో ఆల్బ్రో చెరువు పక్కన ఐదున్నర కిలోమీటర్ల దూరాన దొరికింది. రేవులో నీళ్లు ఒక్కసారి పక్కకు తొలిగి, తిరిగి 18 మీటర్ల దాకా ఎత్తు కెరటమై ఒడ్డెక్కాయి.

ఎంతమంది చనిపోయారు?

పేర్లతో సహా నమోదైన జాబితాలో 1,782 మంది ఉన్నారు. నిజమైన సంఖ్య 2,000కు అటూ ఇటూ ఉండొచ్చని చెబుతారు. గాయపడ్డవాళ్లు సుమారు 9,000. ఊరి జనాభా అప్పట్లో 50,000 పైచిలుకు. 1,600కు పైగా ఇళ్లు కూలిపోయాయి, 12,000 ఇళ్లు దెబ్బతిన్నాయి.

కళ్ల గాయాల సంగతి విడిగా చెప్పాలి. మంట చూడటానికి వేలమంది గాజు కిటికీల వెనక నిలబడ్డారు. పేలుడు తాకిడికి ఆ గాజంతా ముఖాల్లోకి వచ్చింది. సుమారు 5,900 కంటి గాయాలు నమోదయ్యాయి. 41 మందికి చూపు పూర్తిగా పోయింది. కెనడాలో అంధుల కోసం జాతీయ సంస్థ 1918లో ఏర్పడటానికి యుద్ధంలో చూపు పోయిన సైనికులు ఒక కారణమైతే, హాలిఫాక్స్ మరో కారణం.

డార్ట్‌మత్ వైపు టఫ్ట్స్ కోవ్‌లో మిక్‌మా ఆదివాసుల చిన్న ఊరు ఉండేది, టర్టిల్ గ్రోవ్. పేలుడుకు, కెరటానికి అది తుడిచిపెట్టుకుపోయింది, మళ్లీ లేవలేదు. బేసిన్ ఒడ్డున నల్లజాతివారి ఆఫ్రిక్‌విల్ కూడా దెబ్బతిన్నది. సహాయం పంచినప్పుడు వాళ్లకు దక్కింది నామమాత్రం. పాత పుస్తకాల్లో ఈ రెండు ఊళ్ల ప్రస్తావన కనబడకపోతే ఆశ్చర్యపోకండి.

రైలును ఆపిన టెలిగ్రాఫ్ ఉద్యోగి కథ నిజమేనా?

నిజమే. విన్స్ కోల్‌మన్ రిచ్‌మండ్ రైల్వే యార్డులో రైళ్ల రాకపోకలు చూసే ట్రైన్ డిస్పాచర్, పియర్ 6కు కూతవేటు దూరంలో ఆఫీసు. ఆ ఓడలో పేలుడు సామాను ఉందని ఒక నావికుడు వచ్చి హెచ్చరించాడు. కోల్‌మన్ బయటికి పరిగెత్తి, సెయింట్ జాన్ నుంచి ప్యాసింజర్ రైలు రావాల్సి ఉందని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. రైలు ఆపమని, మందుగుండు ఓడ మండుతోందని, బహుశా ఇదే తన ఆఖరి సందేశమని టెలిగ్రాఫ్ కొట్టాడు. ఆయన చనిపోయాడు.

ఆ రైలు అప్పటికే ఆలస్యంగా నడుస్తోందని, సందేశం లేకపోయినా తప్పించుకునేదని ఒక వాదన ఉంది. అయినా ఆ సందేశం వల్లే హాలిఫాక్స్‌లో ఏదో ఘోరం జరిగిందని లైన్ పొడవునా స్టేషన్లకు తొందరగా తెలిసింది. సహాయం అంత త్వరగా కదలడానికి అదే కారణం. నా దృష్టిలో రైలు కంటే ఇది పెద్ద మేలు.

సహాయం ఎలా అందింది?

ట్రూరో లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి అదే రోజు డాక్టర్లు, నర్సులు రైళ్లలో చేరుకున్నారు. మర్నాడు మంచు తుఫాను వచ్చిపడింది, 40 సెంటీమీటర్ల మంచు. శిథిలాల కింద ఉన్నవాళ్లు, కిటికీలు పోయిన ఇళ్లలో ఉన్నవాళ్లు ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించుకోవాల్సిందే.

అమెరికాలోని బోస్టన్ నుంచి డిసెంబరు 6 రాత్రే సహాయ రైలు కదిలింది. మంచులో ఇరుక్కుంటూ 8వ తేదీ తెల్లవారుజామున చేరింది. మరుసటి ఏడాది హాలిఫాక్స్‌వాళ్లు కృతజ్ఞతగా బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టు పంపారు. 1971లో ఆ పద్ధతి మళ్లీ మొదలై ఇప్పటికీ ప్రతి ఏడాదీ నడుస్తోంది. బోస్టన్‌లో ఉండే తెలుగువాళ్లు డిసెంబరులో బోస్టన్ కామన్ పార్కులో దీపాలతో చూసే పెద్ద చెట్టు అదే.

టైటానిక్‌కూ దీనికీ ఏదో సంబంధం ఉందంటారు?

ఐమో పాత యజమాని సంగతి పైన చెప్పాం. అసలైన సంబంధం వేరే. 1912లో టైటానిక్ మృతదేహాలు తెచ్చింది హాలిఫాక్స్‌కే. అప్పుడు జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్ అనే అధికారి ఒక పద్ధతి పెట్టాడు: ప్రతి దేహానికీ ఒక నంబరు, ఆ మనిషి ఒంటి మీద దొరికిన వస్తువులన్నీ అదే నంబరున్న సంచిలో. ఐదేళ్ల తర్వాత, చెబక్టో రోడ్డు బడిలో మార్చురీ పెట్టినప్పుడు ఆయన కొడుకు ఆర్థర్ బార్న్‌స్టెడ్ అదే పద్ధతి నడిపాడు. పెద్ద ప్రమాదాల్లో మృతుల్ని గుర్తించడానికి ఇవాళ వాడే పద్ధతులకు ఇది దగ్గరి చుట్టం.

చివరికి తప్పెవరిదని తేల్చారు?

ఒక్కో మెట్టు మీద ఒక్కో సమాధానం వచ్చింది.

ప్రమాదం జరిగిన వారానికే, డిసెంబరు 13న, హాలిఫాక్స్‌లో విచారణ మొదలైంది. జడ్జి ఆర్థర్ డ్రిస్‌డేల్. ఊరు శోకంలో, కోపంలో ఉంది. ఐమో కెప్టెన్, పైలట్ ఇద్దరూ పేలుడులో చనిపోయారు కాబట్టి బోనులో నిలబడటానికి మిగిలింది మాంట్‌బ్లాంక్‌వాళ్లే. 1918 ఫిబ్రవరి 4న తీర్పు: తప్పంతా మాంట్‌బ్లాంక్‌దే. లె మెడెక్, మాకీ, రేవులో ఓడల రాకపోకలు చూసే నౌకాదళ అధికారి ఎవాన్ వయట్, ఈ ముగ్గురూ బాధ్యులు. నరహత్య నేరం మోపారు.

రాంగ్ సైడ్‌లో, పరిమితికి మించిన వేగంతో వచ్చిన ఐమో మీద ఒక్క మాట లేదు. ఆ తీర్పును ఈరోజు చదివితే, జరిగినదానికి కారణం వెతకడం కంటే బతికున్నవాళ్లలో ఒకరిని చూపించడమే పనిగా పెట్టుకున్నట్టు అనిపిస్తుంది.

కేసు క్రిమినల్ కోర్టుకు పోయాక నిలవలేదు. లె మెడెక్, మాకీల మీద కేసు కొట్టేశారు. వయట్‌ను 1918 ఏప్రిల్‌లో జ్యూరీ విడిచిపెట్టింది. ఐమో ఆ ఉదయం బయల్దేరుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైలట్లు కబురు పంపే అలవాటు మానేశారు, దాన్ని సరిచేయలేదన్నది ఆయన మీద ఉన్న నింద.

ఇక నష్టపరిహారం కోసం ఓడల యజమానుల సివిల్ కేసు. అది కెనడా సుప్రీంకోర్టుకు, అక్కణ్నుంచి అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు పోయింది. 1919లోనూ 1920లోనూ ఒకటే మాట: రెండు ఓడలదీ సమానమైన తప్పు. మాంట్‌బ్లాంక్ ఆఖర్లో ఎడమకు తిరగడం, ఐమో రాంగ్ సైడ్ వదలకపోవడం, రెండూ లెక్కలోకి వచ్చాయి.

పీపాల్ని డెక్ మీద పెట్టించినవాళ్లు, ఆ ఓడను లోపలికి రానిమ్మన్న నిబంధన రాసినవాళ్లు ఏ కోర్టు బోనులోనూ లేరు. లె మెడెక్ అదే కంపెనీలో ఉద్యోగం కొనసాగించాడు, 1931లో ఫ్రాన్సు ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదిచ్చింది. మాకీకి లైసెన్సు తిరిగొచ్చింది కానీ ఊళ్లో మచ్చ పోలేదు.

జర్మన్ల కుట్ర కాదా?

కాదు. మొదటి గంటల్లో చాలామంది జర్మన్ దాడి అనే అనుకున్నారు. గాయాలతో ఉన్న ఐమో నార్వే నావికుడొకణ్ని గూఢచారి అన్న అనుమానంతో పట్టుకున్నారు కూడా. అతని మీద ఏమీ తేలలేదు.

ఐమో ఏమైంది?

కెరటం దాన్ని డార్ట్‌మత్ ఒడ్డుకు విసిరేసింది. 1918లో మళ్లీ నీళ్లలోకి దించి బాగుచేశారు. గువర్నోరెన్ అని పేరు మార్చి తిమింగలం నూనె మోయించారు. 1921లో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర రాళ్లకు తగిలి పాడైపోయింది.

మన దేశంలో ఇలాంటిది జరిగిందా?

ఢీ కాదు గానీ, ఓడ పేలడం జరిగింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, వాటితో పాటు పత్తి బేళ్లు. పత్తికి నిప్పంటుకుంది. పేలుడు సామానూ తేలిగ్గా మండే సరుకూ ఒకే ఓడలో పెట్టిన తప్పు అక్కడా ఉంది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి మన ఫైర్ స్టేషన్లలో జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే.

2020లో బేరూత్ రేవు పేలుడు చూశాక, చెన్నై దగ్గర ఏళ్ల తరబడి పడి ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ సంగతి మీదకొచ్చింది. దాన్ని హడావిడిగా కంటెయినర్లలో హైదరాబాద్‌కు తరలించారు. గుర్తుండే ఉంటుంది.

హాలిఫాక్స్ వెళ్తే ఏం చూడొచ్చు?

చదువుకోడానికి అక్కడికి వెళ్లే మన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది పనికొస్తుంది. మారిటైమ్ మ్యూజియం ఆఫ్ ది అట్లాంటిక్‌లో ఈ ప్రమాదానికి ప్రత్యేక విభాగం ఉంది, కోల్‌మన్ గడియారం, టెలిగ్రాఫ్ మీట అక్కడే. ఊరి మధ్యలోని సెయింట్ పాల్ చర్చి గోడలో పేలుడుకు ఎగిరొచ్చి దిగబడ్డ చెక్క ముక్క ఇప్పటికీ ఉంది. పేలుడు తర్వాత కట్టిన హైడ్రోస్టోన్ పేటలో వరసగా సిమెంటు ఇటుకల ఇళ్లు ఉంటాయి, ఇప్పుడు అక్కడ మంచి కాఫీ షాపులు కూడా. లంగరు ముక్క ఆర్మ్‌డేల్ వైపు, ఫిరంగి గొట్టం డార్ట్‌మత్‌లో, అవి పడ్డ చోట్లకు దగ్గర్లోనే దిమ్మెల మీద నిలబెట్టి ఉన్నాయి. రెండూ చూడాలంటే కారు ఉంటే మేలు.

పియర్ 6 ఉన్న చోటుకు పైన ఫోర్ట్ నీడమ్ కొండ మీద గంటల గోపురం ఉంది. ఏటా డిసెంబరు 6న ఉదయం 9 గంటల ముందు అక్కడ స్మారక సభ జరుగుతుంది. కొండ మీద గాలి విపరీతంగా కొడుతుంది, చెవులు కప్పే టోపీ మర్చిపోవద్దు.